వెంట్రుక మేస్త్రి, చుట్టల మిషను

వర్క్‌షాపులో ఆయన్ను అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ వెంట్రుక మేస్త్రే. లేత్ మిషను మీద ఇనప కడ్డీని తిప్పుతూ, చెక్కుతూ యంత్రాలకు కావలసిన షాఫ్టులూ బుష్షులూ తయారుచేసే టర్నరు ఆయన. చేసిన ప్రతి ముక్కనూ కిటికీ వెలుగులోకి ఎత్తి చూసి, "వెంట్రుకవాసి తేడా ఉంది" అంటూ మళ్ళీ మిషనుకెక్కించేవాడు. అలా వచ్చిందా పేరు. నెత్తి చూస్తే గుండ్రాయిలా నున్నగా ఉండేది కాబట్టి పేరు మరీ గట్టిగా అతుక్కుపోయింది. ఆయన కూడా ఏమీ అనుకోలేదు. "నెత్తిమీద పోయింది పేరులో మిగిలింది, నష్టమేముంది" అనేవాడు.

వర్క్‌షాపులోకి కంప్యూటరు మిషను వచ్చాక పాత లేత్‌కు పని తగ్గింది. ఓనరు మంచివాడే. మేస్త్రిని కూర్చోబెట్టి టీ తెప్పించి, నీళ్ళు నమిలి నమిలి, ఇక పని లేదన్న విషయం చెప్పాడు. మేస్త్రికి కోపం రాలేదు. ఆ కొత్త మిషను పనితనం చూసి తనే ముచ్చటపడ్డవాడు, దాని మీద కోపమెలా వస్తుంది? తోటివాళ్ళు ఆయన రోజూ వాడిన వెర్నియర్‌ను, అంటే ముక్కల మందం కొలిచే స్టీలు కొలబద్దను, శుభ్రంగా తుడిచి కొత్త పెట్టెలో పెట్టి చేతికిచ్చారు. అది తీసుకుని ఇంటికొచ్చాడు.

ఇల్లంటే సైకిల్ షాపు పైన రెండు గదులూ వంటిల్లూ. మొదట్లో ఆ ఇంటికి మంచి రోజులొచ్చినట్టే కనిపించింది. కిర్రుమనే తలుపు కిర్రు మానింది. కారే కుళాయి కారడం మానింది. ఊగే కుర్చీ నేలకు అతుక్కుంది. గడియ పడని కిటికీకి గడియ పడింది. ఆ తర్వాత బాగుచేయడానికేమీ మిగల్లేదు. మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని గదిలోంచి గదిలోకి తిరుగుతుంటే భార్య ఓ పూట చూసింది, రెండు పూటలు చూసింది.

"ఇంక బిగించడానికి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలానండీ. నా జోలికి రాకండి, నేను బాగానే ఉన్నా" అంది.

ఆమెకు ఊపిరి సలపని పని ఉండేది. కూతురికి పెళ్ళయి వెళ్ళాక ఇల్లు బోసిపోయిందని, కాస్త దూరంలో ఉన్న రక్తపరీక్షల ల్యాబు కింద చిన్న తిండి కౌంటరు పెట్టుకుంది. రక్తం ఇవ్వడానికి జనం పరగడుపున వస్తారు. ఇచ్చాక మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే మెట్లు దిగుతారు. దిగగానే ఎదురుగా ఆమె. ఉడికించిన గుడ్లు, కోసిన పళ్ళు, కూరగాయ ముక్కల డబ్బాలు. డాక్టర్లు ఏం తినొద్దన్నారో విని, ఏం తినొచ్చో ఆమె చూసి ఇచ్చేది. మధ్యాహ్నం దాటేసరికి ఖాళీ డబ్బాలతో ఇంటికొచ్చేది. మేస్త్రి పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మనిషి కాబట్టి ఆ కౌంటరు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఆమె కూరగాయలు కోస్తుంటే ఎదురుగా కూర్చుని చూడడం మొదలుపెట్టాడు. చూసి ఊరుకుంటే మేస్త్రి ఎందుకవుతాడు?

"ఈ ముక్క చూడు, ఆ ముక్క చూడు. అక్కకీ చెల్లెలికీ ఉన్నంత పోలిక కూడా లేదు" అన్నాడు.

"కడుపులోకెళ్ళాక కొలిచేదెవరండీ?"

"కొలిచేవాళ్ళు లేరని కొలత తప్పుతామా?"

ఆమె కత్తి ఆయన చేతికిచ్చి పక్కకు జరిగింది. మేస్త్రి క్యారెట్టును పలక మీద పెట్టి, ఒక కన్ను మూసి, ఒక్కో బిళ్ళా కోయసాగాడు. ఆ బిళ్ళలు నిజంగానే అచ్చు గుద్దినట్టున్నాయి. అయితే ఆయన ఒక క్యారెట్టు పూర్తిచేసేసరికి ఆమె ఇంకో కత్తితో బుట్టెడు కోసి పారేసింది.

"మీ చేతికి అప్పజెబితే పొద్దున రక్తమిచ్చినవాళ్ళు రాత్రికి తింటారు" అంది. మేస్త్రి కత్తి కింద పెట్టేశాడు.

అలాంటి రోజుల్లో కూతురూ అల్లుడూ వచ్చారు. వస్తూ వస్తూ అల్లుడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. పెట్టె మీద పచ్చటి, ఎర్రటి రిబ్బన్ల గుట్ట బొమ్మ ఉంది. కౌంటరు దగ్గర కొందరు, "డాక్టరు మైదా మానెయ్యమన్నారమ్మా, నూడుల్స్ మీద మనసు మాత్రం చావట్లేదు" అని వాపోతుంటారని తల్లి ఫోన్లో చెబితే కూతురు గుర్తుపెట్టుకుంది.

"కూరగాయలతోనే నూడుల్స్ లాగా వస్తాయి అత్తయ్యగారూ. స్పైరలైజరంటారు. నీకు మణికట్టు నొప్పి కూడా తగ్గుతుందని తనే వెతికి కొంది" అని అల్లుడు భార్యకేసి చూపించాడు. "అత్తయ్యగారూ" అని మొదలుపెట్టి "నీకు" అనేసినందుకు నాలిక్కరుచుకున్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

పిల్లలు వెళ్ళాక ఆమె ఆ యంత్రాన్ని బల్ల మీద పెట్టి క్యారెట్టు గుచ్చి పిడి తిప్పింది. క్యారెట్టు తూలింది. రిబ్బను రాలేదు, నెలవంకల్లాంటి తునకలు రాలాయి. ఇంకాస్త గట్టిగా నొక్కి తిప్పితే క్యారెట్టు ఊడొచ్చి కుర్చీ కిందికి దొర్లిపోయింది.

"బొమ్మలో ఉన్నవన్నీ బయట ఉండవు. నా కత్తి నాకుంది" అని ఆమె దాన్ని అటక మీదికెక్కించింది.

మర్నాడు ఆమె కౌంటరుకు వెళ్ళగానే మేస్త్రి దాన్ని కిందికి దించాడు. ఊరికే చూద్దామనే దించాడు. చూస్తుండగానే స్క్రూలన్నీ విప్పేశాడు. ఒక చివర కూరగాయను పట్టుకునే ముళ్ళ బిళ్ళ, దాన్ని తిప్పడానికి పిడి. రెండో చివర నిలబెట్టిన బ్లేడు. కూరగాయ తిరుగుతూ ముందుకు జరుగుతుంది, బ్లేడు కదలకుండా నిలబడి చెక్కుతుంది.

"ఇది లేతే కదా" అన్నాడు ఖాళీ వంటింట్లో, పైకే.

తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. వర్క్‌షాపులో కడ్డీని చెక్కితే ఇలాగే చుట్టలు చుట్టలుగా ఇనుము ఊడేది. ఆ చుట్టలను చీపురుతో ఊడ్చి తుక్కు డ్రమ్ములో వేసి, లోపలి ముక్కను దాచుకునేవాళ్ళు. ఇక్కడ దాచుకోవలసింది చుట్టల్ని.

జబ్బెక్కడుందో ఆయనకు చిటికెలో తెలిసిపోయింది. ముళ్ళ బిళ్ళ ఒక పక్కకు ఒరిగి ఉంది. పటకారుతో ముళ్ళను సరిచేసి, పాల ప్యాకెట్టు ముక్క మడిచి బిళ్ళ కింద పెట్టాడు. క్యారెట్టుకు రెండు చివరలూ సమంగా కోశాడు. కంటితోనే నడిమధ్య చూసుకుని గుచ్చాడు. నొక్కీ నొక్కనట్టు పట్టుకుని, ఆగకుండా ఒకే జోరులో తిప్పాడు. క్యారెట్టు ఒకే ఒక్క పొడుగాటి రిబ్బనుగా బయటికొచ్చి, బల్ల అంచు దాటి నేలదాకా వేలాడింది.

ఇంక ఆయన్ను ఆపేదెవరు? క్యారెట్లయ్యాయి, కీరాలయ్యాయి, ఒక ముల్లంగి అయింది, ఒక బీట్‌రూట్ కూడా అయ్యేసరికి చేతులు మోచేతులదాకా ఎర్రబడ్డాయి. చివరికి ఒక యాపిల్ గుచ్చితే తొక్కా కండా కలిసి ఒకే చుట్టగా దిగి, గింజల బొడ్డు మాత్రం ముళ్ళకు అంటుకుని ఉండిపోయింది. అది చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

భార్య వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. మర్నాటికని కొన్న కూరగాయల్లో సగానికి పైగా గిన్నెల్లో పోగులు పడి ఉన్నాయి. బల్ల మీద మాత్రం, ప్రతి క్యారెట్టు మధ్యలోంచీ మిగిలిన పెన్సిలంత కాడలు, వరసగా పేర్చి ఉన్నాయి.

"చూడు, అన్నీ ఒకే మందం" అన్నాడు మేస్త్రి.

"బాగున్నాయి. వీటినేం చేయాలి?"

"ఏం చేయక్కర్లేదు. చూడు."

ఆమె కాడల్ని చూడలేదు. గిన్నెలోంచి నాలుగు కీరా పోగులు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో నాలుగు తీసింది.

"రేపటికి ముక్కలు కోద్దామంటే మీరేం మిగల్చలేదు కాబట్టి, ఇవే తీసుకెళ్తా" అంది. ఆమె నోట మెచ్చుకోలు అంతకంటే తిన్నగా రాదని మేస్త్రికి తెలుసు.

క్యారెట్టు పోగుల్ని వేడినీళ్ళలో ఒక్క మునక వేసి తీసి, వేయించి దంచిన పల్లీలు, మిరియాల పొడి, నిమ్మరసం కలిపి డబ్బాలకెత్తింది. మర్నాడు మధ్యాహ్నానికి ముందే డబ్బాలు అయిపోయాయి. మైదా మానెయ్యమన్న డాక్టరును తిట్టుకునే పెద్దమనిషి ఒకాయన ఫోర్కుకు చుట్టుకుని చుట్టుకుని తిని, రెండో డబ్బా ఇంటికి పట్టుకెళ్ళాడట. స్పైరలైజరన్న మాట నోరు తిరగక ఆమె దానికి చుట్టల మిషనని పేరు పెట్టింది. అదే ఖాయమైంది.

అప్పట్నుంచి పొద్దున పూట వంటింట్లో ఇద్దరి పనీ ఉండేది. ఆమె కడిగి, తొక్క తీసి అందిస్తే ఆయన తిప్పేవాడు. కూరగాయలు తెచ్చే పని కూడా తానే పుచ్చుకున్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

వీధి మలుపులో కూరగాయలమ్మే ఆమె, సన్నగా పొడుగ్గా, ఎవరితోనైనా మాటలు కలిపే మనిషి. మేస్త్రి ఆమె బండి ముందు నిలబడి సంచీలోంచి వెర్నియర్ తీసి, ఒక్కో క్యారెట్టునూ దాని దవడల మధ్య బిగించి చూడసాగాడు.

"ఏంటన్నా అది, బంగారం తూచేదా?"

"తూచేది కాదమ్మా, కొలిచేది. చుట్టల మిషనుకి అన్నీ ఒకే మందం ఉండాలి."

"చుట్టలా? ఈ వయసులో కొత్తగా చుట్టలేంటన్నా? వదిన ఊరుకుందా?"

పక్కన బేరమాడుతున్నవాళ్ళు కూడా నవ్వారు. కాల్చే చుట్టలు కాదు, తినే చుట్టలని మేస్త్రి ఓపిగ్గా వివరించాడు. వివరిస్తూనే వంకర ఉన్నవన్నీ ఏరి ఒక పక్కన పడేశాడు. "అది స్క్రాపు" అన్నాడు. బండిలో సగం సరుకు స్క్రాపయింది. వెనక నిలబడ్డవాళ్ళు కూడా వాటిని ముట్టుకోవడానికి సందేహించారు.

మర్నాడు ఆమె మేస్త్రి భార్యను దార్లో పట్టుకుంది. "వదినా, మీ ఆయన్ని పంపితే పంపు. ఆ కొలత సామాను మాత్రం ఇంట్లో పెట్టి పంపు. నా క్యారెట్లకి పెళ్ళిచూపులు చేస్తున్నాడు. కాదన్నవాటిని ఇంకెవరూ చేసుకోవట్లేదు."

ఇంటికొచ్చి భార్య ఆ మాట చెప్పింది. మేస్త్రికి పౌరుషమొచ్చింది.

"మిషనుకి పనికిరానిది పనికిరానిదే. తీసుకొచ్చి ఏం చేస్తాం?"

"మిషనుకి పనికిరాకపోతే తప్పు మిషనుదండీ, క్యారెట్టుది కాదు. మట్టిలో పెరిగేదానికి రాయి అడ్డమొస్తే పక్కకి తిరుగుతుంది. తిరక్కపోతే ఎట్లా పెరుగుతుంది?"

మర్నాడు ఆయన వెర్నియర్ లేకుండా వెళ్ళి, అన్నీ కలిపిన సంచీడు క్యారెట్లు తెచ్చాడు. వాటిని ముందేసుకుని చాలాసేపు చూశాడు. వంపు ఎక్కడ తిరిగిందో అక్కడ కోస్తే రెండు పొట్టి ముక్కలవుతాయి, దేనికది తిన్ననే. పోగులు కాస్త పొట్టివవుతాయి, అంతే. కూరగాయలామెతో కూడా ఆ వారమే రాజీ కుదిరింది. "అన్నా, మంచివి నీకోసం పక్కన పెట్టా" అని ఆమె ఇస్తే, అందులోనూ నాలుగు వంకరవి ఉండేవి. ఆయన వాటినీ తెచ్చేవాడు.

ప్లాస్టిక్ యంత్రం ఎన్నాళ్ళని ఆగుతుంది? ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కూర చేసుకోవడానికి చేసినదాని మీద రోజూ బుట్టలకొద్దీ తిప్పితే, ఒకనాడు బీట్‌రూట్ మధ్యలో పిడి పుటుక్కున విరిగింది. మేస్త్రి విరిగిన పిడిని జేబులో వేసుకుని వర్క్‌షాపుకు వెళ్ళాడు. మానేశాక అటు వెళ్ళడం అదే మొదలు.

ఆయన లేత్ మూల పట్టా కప్పుకుని ఉంది.

"అమ్మలేదా బాబూ?" అని ఓనరును అడిగాడు. ఓనరు ఆయన కళ్ళముందు పెరిగిన కుర్రవాడే.

"మీ గుర్తుగా ఉంచానని చెప్పాలనే ఉంది మేస్త్రీ. కానీ నిజం చెప్తే, కొనేవాడు దొరకలేదు. వాడుకోండి."

మిగిలిపోయిన స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలేరుకుని మేస్త్రి కొత్త చుట్టల మిషను మొదలుపెట్టాడు. పాతవాళ్ళంతా వచ్చి తలో సలహా ఇచ్చారు. ఒకడు మోటారు పెట్టమన్నాడు, ఒకడు చక్రాలు పెట్టమన్నాడు. ఆయన ఎవరి మాటా వినలేదు. పూర్తయ్యాక ఆటోలో ఎక్కించుకుని ఇంటికి తెచ్చి, ఆయాసపడుతూ మెట్లెక్కించి బల్ల మీద పెట్టాడు. బల్ల మూలిగింది.

భార్య దాన్ని ఒక పక్క ఎత్తబోయి వదిలేసింది. "మిషను బాగానే ఉంది. దీనికింద తుడవాలంటే ముందొక క్రేను కొనాలి" అంది.

ఆయన దాన్ని బల్లకు బోల్టులతో బిగించేసి, బ్లేడు మాత్రం కడగడానికి ఊడొచ్చేలా చేశాడు. ఆ బ్లేడును సానరాయి మీద నూరి ఎంత సన్నానికి బిగించాడంటే, కీరా పోగు పట్టుకుని కిటికీకి అడ్డం పెడితే అవతల తీగ మీది పిచ్చుక కనిపించేది.

"ఇంత సన్నమైతే నిలవదండీ. ఉప్పు తగిలితే నీరైపోతుంది" అంది భార్య.

"ఒక్కసారి చూడు ఎంత అందంగా ఉందో."

ఆమె ఆ పోగుల్ని చూసింది, ఆయన ముఖాన్ని చూసింది. వాటినే డబ్బాలకెత్తింది.

ఆ రోజు ఆమె త్వరగా ఇంటికొచ్చింది. సంచీలోంచి ఒక డబ్బా తీసి మేస్త్రి ముందు పెట్టి, పక్కన గ్లాసు పెట్టింది. పైన ల్యాబులో రక్తం తీసే అమ్మాయి, రోజూ కొనే మనిషి, డబ్బా పట్టుకుని కిందికొచ్చి, "పిన్నీ, ఇది తినాలా, తాగాలా?" అని అడిగిందట. మేస్త్రి మూత తీశాడు. పచ్చటి నీళ్ళు, అడుగున తడిసిన దారప్పోగుల్లాంటివేవో. మిగతా డబ్బాలదీ అదే గతి. ఆమె అందరికీ వాటి బదులు గుడ్లిచ్చి పంపేసింది.

"నేను ముందే చెప్పా" అన్న మాట కోసం మేస్త్రి ఎదురుచూశాడు. ఆమె అనలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి మంచం మీద నడుం వాల్చింది. అంటేనే బాగుండేదనిపించింది ఆయనకు. డబ్బాలోది గ్లాసులోకి ఒంపుకుని చుక్క మిగల్చకుండా తాగాడు.

"రేపు నేనూ నీతో వస్తా" అన్నాడు కాసేపయ్యాక.

వెళ్ళాడు. మెట్ల కింది సందులో ఒక బల్ల, ఒక ఐసు పెట్టె, వెనక రెండు స్టూళ్ళు. జనం దూది నొక్కుకుంటూ దిగుతున్నారు. భార్య ఎవరినీ "ఏం కావాలి" అని అడగడం లేదు. ముఖం చూసి ఇచ్చేస్తోంది. కొండలాంటి సెక్యూరిటీ గార్డొకడు సూదికి భయపడి పాలిపోయి దిగితే, ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, పియర్ పండు ముక్కలు ఒక్కొక్కటీ చేతికందించింది. వాడు లేచి వెళ్ళేటప్పుడు సిగ్గుగా నవ్వాడు. ఒక ముసలాయన వస్తే యాపిల్‌ను చెంచాతో గీకి పెట్టింది, పళ్ళు లేవని. మేస్త్రి స్టూలు మీద కూర్చుని ఇదంతా చూశాడు. ఇన్నేళ్ళుగా ఆమె సాయంత్రం పూట "ఇవాళ బాగా నడిచింది" అంటే, ఊఁ కొట్టి అన్నంలో చెయ్యి పెట్టేవాడు. నడవడమంటే ఇదన్నమాట.

రక్తం తీసే అమ్మాయి వచ్చి ఆయన్ను ఎగాదిగా చూసింది. "చుట్టలు చేసేది మీరేనా బాబాయ్? పళ్ళకి కూడా కాస్త పని చెప్పండి. నమిలితే తిన్నట్టుండాలి కదా" అంది. అని, గుడ్డు కొనుక్కుని వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే మేస్త్రి భార్యను బల్లకు ఎదురుగా కూర్చోబెట్టాడు. సానరాయి, స్టీలు పలకలు, కీరాలు, క్యారెట్లు ముందేసుకున్నాడు.

"ఎంత మందముండాలో నువ్వే చెప్పు" అన్నాడు.

ఆయన బ్లేడు జరిపి తిప్పుతాడు. ఆమె తింటుంది.

"ఇంకొంచెం."

మళ్ళీ జరుపుతాడు, మళ్ళీ తిప్పుతాడు.

"ఇది మరీ మొద్దుగా ఉంది. వెనక్కి రండి. ఆ, ఇది. కీరాకి ఇదే."

"సరే, ఇదే ఖాయం చేస్తున్నా."

"క్యారెట్టుకి కాదండీ. క్యారెట్టు గట్టిది, అదింకా సన్నం ఉండాలి."

"రెండింటికీ ఒకటి కుదరదా?"

"మీకూ నాకూ ఒక చెప్పుల జత కుదురుతుందా?"

అలా కీరాకొకటి, క్యారెట్టుకూ బీట్‌రూటుకూ ఒకటి, పళ్ళకొకటి, మూడు బ్లేడులు తేలాయి. గుర్తుకోసం కీరా బ్లేడుకు ఒక చుక్క, రెండోదానికి రెండు, పళ్ళదానికి మూడు చుక్కలు గీశాడు. ఉప్పు ముందే కలపకుండా చిన్న పొట్లం కట్టి డబ్బాలో పెడితే, తినేముందు ఎవరికివాళ్ళు కలుపుకుంటారని ఆమె తేల్చింది. అన్నీ తేలేసరికి ఆమె కడుపు నిండిపోయి త్రేన్చింది. ఇద్దరూ నవ్వారు.

"ఇన్నేళ్ళలో నన్ను ఎంత అని అడగడం ఇదే మొదలు" అంది ఆమె.

"వర్క్‌షాపులో డ్రాయింగు చేతికిచ్చేవాళ్ళు. ఇంట్లో డ్రాయింగు నీ దగ్గరుందని నాకేం తెలుసు?"

ఆ తర్వాత డబ్బాలు వెనక్కి రాలేదు. మేస్త్రి కూడా రోజూ కౌంటరుకు వెళ్ళసాగాడు. పాత ప్లాస్టిక్ యంత్రానికి స్టీలు పిడి వేసి అక్కడి బల్లకు బిగించాడు. యాపిల్, పియర్ ముందే కోసి ఉంచితే నల్లబడతాయి. ఇప్పుడు ఎవరు అడిగితే వాళ్ళ ఎదురుగానే తిప్పేవాడు. పండు గిర్రున తిరుగుతూ ఒకే చుట్టగా పళ్ళెంలోకి దిగుతుంటే, రిపోర్టుల కోసం కూర్చున్నవాళ్ళు తమ చక్కెర ఎంతొచ్చిందోనన్న దిగులు కాసేపు మరిచిపోయి చూసేవారు. పళ్ళు లేని ముసలాయనకు ఎంత సన్నంగా కావాలో అంత సన్నంగా చేసిపెట్టేవాడు. నాలిక మీద పెడితే చాలు, కరిగిపోతోందని ఆయన అనేవాడు. సన్నం పనికొచ్చే చోటు కూడా ఒకటుందని మేస్త్రికి తృప్తిగా ఉండేది.

వానలు పట్టిన రోజుల్లో వర్క్‌షాపు ఓనరు ఇంటికొచ్చాడు. ఎప్పటిదో పాత నీళ్ళ పంపు, దానికి షాఫ్టు కావాలి. కొలతలు కాగితం మీద లేవు, అరిగిపోయిన ముక్క ఒక్కటే ఉంది. కంప్యూటరు మిషను అబ్బాయిలు చేతులెత్తేశారు.

"వచ్చి చూడండి మేస్త్రీ. చూసి, అలాగే ఉండిపోండి. మీ లేత్ పట్టా తీసేస్తా. పనిలేదని మిమ్మల్ని పంపించి నేనే తప్పుచేశా."

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట వినాలని ఎంత ఉండిందో, విన్నాక గానీ ఆయనకే తెలియలేదు. ఆలోచించి చెబుతానని పంపించాడు.

భార్య టీ గ్లాసులు తీస్తూ, "వెళ్ళాలనుంటే వెళ్ళండి. నాకు చేతులున్నాయి, మిషనుంది. మీ పని మీకు ముద్దు కదా" అంది. అన్న తర్వాత గ్లాసుల్ని అవసరమైనదానికంటే ఎక్కువసేపు కడిగింది.

ఆయన వెళ్ళాడు. పొద్దున చుట్టలు తిప్పి, కౌంటరు మూశాక వర్క్‌షాపుకు వెళ్ళేవాడు. షాఫ్టు అచ్చం పాతదానిలా తయారై, పంపులో ఒదిగి కూర్చుంది. ఓనరు మళ్ళీ పాత మాటే ఎత్తాడు.

"ఇలాంటి పని వచ్చినప్పుడు కబురు చెయ్యి బాబూ, పరిగెత్తుకొస్తా. రోజూ అంటే మాత్రం కుదరదు. పొద్దున పూట మా ఆవిడ దగ్గర డ్యూటీ" అన్నాడు మేస్త్రి. ఓనరు నవ్వాడు. మేస్త్రి మాత్రం నవ్వులాటకు అనలేదు.

భార్యకు ఒక అక్క ఉంది. కౌంటరు పెట్టినప్పట్నుంచీ ఆమె "రావే, నాలుగు రోజులుండి పో" అని పిలవడం, ఈమె "మూస్తే జనం పక్కకి పోతారక్కా" అనడం మామూలు. వానలు వెలిశాక మేస్త్రే బస్సు టిక్కెట్టు తెచ్చి చేతిలో పెట్టాడు.

"మీరొక్కరే చూసుకోగలరా?"

"నువ్వొక్కదానివే చూసుకోలేదా?"

ఆమె అలమర తెరిచి చీరలు సర్దుకుంది. వెళ్ళే ముందు ఉప్పు పొట్లాల గురించి చెప్పింది, మెట్లు దిగి మళ్ళీ ఎక్కొచ్చి నిమ్మకాయల గురించి చెప్పింది.

మొదటి రోజే ఫోనొచ్చింది ఆమెకు. "ఇదిగో, కీరాకి ఒక చుక్కా రెండు చుక్కలా?"

"చుక్కలు పెట్టింది మీరు కాదటండీ?"

"పెట్టింది నేనే. గుర్తుపెట్టుకునేది నువ్వు కదా."

ఆ రోజు డబ్బాలు ఆలస్యమయ్యాయి కానీ అందరికీ అందాయి. రెండో రోజు వేళకే అందాయి. రక్తం తీసే అమ్మాయి తన డబ్బా తీసుకుంటూ, "పిన్ని ఎప్పుడొస్తుంది బాబాయ్?" అంది.

"ఏమ్మా, బాగాలేదా?"

"బాగుంది. ఉప్పు కూడా సరిపోయింది. మీరే ఏం మాట్లాడరు. దిగినవాళ్ళు తినేసి బిక్కుబిక్కుమంటూ పోతున్నారు."

మేస్త్రి ఆలోచనలో పడ్డాడు. లేత్ చప్పుడులో బతికినవాడికి మాటలతో ఏం పని ఉండేది? అయినా మర్నాడు, సూది పోటుకు కళ్ళు తిరిగి కూర్చున్న ఒకామెకు పియర్ తిప్పి ఇస్తూ, ఏం చెప్పాలో తోచక, వర్క్‌షాపులో పిల్లి సంగతి ఎత్తుకున్నాడు. అది చలికాలం లేత్ మోటారు పక్కన వెచ్చగా పడుకునేది. పిల్లల్ని పెట్టడానికి ఫోర్‌మన్ టిఫిన్ సంచీయే దొరికింది దానికి. ఫోర్‌మన్ చూసుకోకుండా సంచీ తగిలించుకుని బస్సెక్కాడు. బస్సులో సంచీ మ్యావుమంది.

ఆమె తినడం ఆపి వింది. వెనకున్నవాళ్ళు దగ్గరికి జరిగారు. "తర్వాత?" అన్నారెవరో. మేస్త్రికి ఊపొచ్చింది. కండక్టరు సంచీకి టిక్కెట్టు అడిగిన ఘట్టం దగ్గర ఉండగా, గుంపు వెనక చేతిలో పెట్టెతో భార్య వచ్చి నిలబడింది. బస్సు దిగి ఇంటికి పోకుండా తిన్నగా ఇటే వచ్చినట్టుంది. ఆయన చూడలేదు. ఆమె కూడా పిలవలేదు. పెట్టె కింద పెట్టి, మెట్టు మీద కూర్చుని కండక్టరు ఏమన్నాడో విన్నది. అందరితో పాటు నవ్వింది.

తర్వాత లేచి, చేతులు కడుక్కుని, బల్ల వెనక్కి వచ్చింది.

"పిల్లి సంగతి చాలు గానీ, ఆ చివరాయన ఎప్పట్నుంచో నిలబడ్డాడు. ముందు ఆయనకో యాపిల్ తిప్పండి" అంది.

మేస్త్రి యాపిల్ అందుకున్నాడు.